బండ అంచున సూదిగడ్డి

మీరు కోసి పారేసిన గడ్డి మళ్లీ అదే చోట ఎందుకు లేస్తుందో ఎప్పుడైనా కారణం వెతికారా, లేక అదీ దైవలీలే అనుకుని ఊరుకున్నారా? ఊరుకున్నారనే నా అనుమానం. మనకి కారణాలంటే బద్ధకం. భయాలంటే మాత్రం ఎక్కడలేని ఓపిక. ఒక గడ్డి దుబ్బుకి భయపడుతూ ఏళ్లు గడిపిన మనిషి మా ఇంట్లోనే ఉంది. ఆమె మా అమ్మ. సభల్లో మూఢనమ్మకాల మీద విరుచుకుపడే నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఆమె వండిన అన్నం తిని, ఆమె ఉతికి ఆరేసిన ఓణీ వేసుకుని, ఊళ్లోవాళ్ల భయాలు పోగొట్టడానికి బయల్దేరేదాన్ని.

ముందు ఆ గడ్డి గురించి చెప్పాలి. దాన్ని సరిగ్గా చూడకపోతే తక్కిన కథ అర్థం కాదు.

సికింద్రాబాదు శివార్లలో, తిరుమలగిరి నుంచి బొల్లారం దాకా ఆ రోజుల్లో ఇళ్లకంటే బండలు ఎక్కువ. మిలిటరీ ముళ్లకంచెల వెనక ఎవరూ దున్నని, ఎవరూ ఇల్లు కట్టని నేల. ఆ బండల పక్కన, బెత్తెడు మన్ను కూడా లేనిచోట పెరిగేది సూదిగడ్డి. కొన్ని పుస్తకాల్లో పందిముల్లు అని ఉంటుంది. ఎవరో తెచ్చి నాటింది కాదు, ఈ నేలదే. తొలకరి తర్వాత చూస్తే మామూలు పచ్చిగడ్డి. దుబ్బుగా లేస్తుంది. కాడని మొదట్లో పట్టుకుంటే గుండ్రంగా ఉండదు, ఎవరో వేళ్ల మధ్య నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఆకు చివర వాడిగా కాక కాస్త మొండిగా ముగుస్తుంది. ఆకు కాడని చుట్టుకునే చోట పొడుగాటి తెల్ల వెంట్రుకలు కొన్ని. లేతగా ఉన్నప్పుడు పశువులు ఇష్టంగా మేస్తాయి.

వానలు వెనకబట్టాక దాని అసలు గుణం బయటపడుతుంది. ఒక్కో కొమ్మ చివర ఒకే కంకి వేస్తుంది. కంకిలో కింది పువ్వులు గింజ కట్టవు. పైన జతలు జతలుగా ఉండేవాటిలో ఒకటి మగది, ఒకటి ఆడది. ఆ ఆడ పువ్వు గింజకి మాత్రమే పొడవాటి గోధుమరంగు తోక ఉంటుంది. శాస్త్రంలో దాన్ని శూకం అంటారు. వేలెడు పొడవు, రెండు చోట్ల వంపు, సగం దాకా తాడు పేనినట్టు మెలిక. ఒక కంకి తోకలన్నీ పైన ఒకదానికొకటి చుట్టుకుని, దువ్వని జడలా చిక్కుపడతాయి. గింజ అడుగున సూదిమొన. మొన చుట్టూ వెనక్కి వాలిన నూగు. అందుకే గుడ్డలోకి గానీ గొర్రె బొచ్చులోకి గానీ దిగిందంటే ముందుకే పోతుంది, వెనక్కి రాదు. అప్పటికి గడ్డి అంతా ఇటుక రంగుకి తిరిగి, దూరం నుంచి చూస్తే బండలకి తుప్పు పట్టినట్టుంటుంది.

ఇదంతా నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివే రోజుల్లో తెలుసుకున్నాను. మొక్కలు సేకరించి, కాగితాల మధ్య ఆరబెట్టి, అట్టలకి కుట్టి ఇమ్మన్నారు కాలేజీలో. గడ్డి జాతుల జోలికి మా తరగతిలో ఎవరూ పోలేదు. అన్నీ ఒకేలా ఉంటాయి, పోల్చుకోవడం కష్టం. అందుకే నేను గడ్డే కావాలని పట్టుబట్టాను. ఎవరికీ చేతకానిది నాకు చేతనవుననే పిచ్చి అప్పటికే బాగా ముదిరింది.

ఆ పిచ్చికి మందూ, మేతా రెండూ దొరికే చోటు ఒకటుండేది. సికింద్రాబాదులో ఒక గ్రంథాలయం మేడ మీద ఆదివారాలు హేతువాదుల చర్చలు జరిగేవి. మేం చర్చికి వెళ్లే కుటుంబం. మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా, అమ్మ మిషన్ బడిలో టీచరు. ఇద్దరూ గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకొచ్చి బన్సీలాల్‌పేటలో స్థిరపడ్డారు. నేను మాత్రం ఇంటర్‌లోనే చర్చి మానేసి, అదే వేళకి ఆ మేడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. వాదించడం అక్కడే నేర్చుకున్నాను. ఎదుటివాడి మాటలో పగులెక్కడుందో చూడు, అక్కడే గునపం దించు. జాలిపడ్డావో ఓడిపోయావు. అదీ మా బడి.

అమ్మ నన్నెప్పుడూ అడ్డుకోలేదు. పైగా నా చేతిరాత కోడి కెలికినట్టుంటుందని, సభలో చదవాల్సిన వ్యాసాలన్నీ తనే సాపు రాసిపెట్టేది. బడిలో నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా, నిదానంగా రాసేది. నేను దేవుణ్ణి దులిపేసిన వాక్యాల్లో కూడా ఒక్క దీర్ఘం జారనిచ్చేది కాదు. నాన్న చూసి నవ్వితే, "రాత నాది, పాపం దానిది" అనేది.

నాకొక తమ్ముడుండేవాడు. నేను బళ్లో చేరకముందే పోయాడు. జ్వరమొచ్చిందన్నారు, అంతే. ఇంట్లో వాడి ఫొటో లేదు, వాడి మాట లేదు. ఏటా నవంబరులో సమాధుల పండుగొస్తే మాత్రం, దానికి ముందు రోజు అమ్మా నాన్నా తిరుమలగిరి అవతలున్న సమాధుల తోటకి పోయి శుభ్రం చేసి, సున్నం కొట్టి వచ్చేవాళ్లు. పండుగనాడు బంతిపూలు, కొవ్వొత్తులు. నేను పోయేదాన్ని కాదు. మట్టిలో కలిసినవాడికి సున్నమెందుకని వాదించేదాన్ని. నాన్న మాట మార్చేవాడు. అమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి పోయేది.

ఆ ఏడు ఆఫీసులో తనిఖీ ఉండి నాన్నకి సెలవు దొరకలేదు. సున్నం బకెట్టు, కొడవలి, సీసాలూ అమ్మ ఒక్కతీ మోసుకుని బస్సెక్కడం కుదరదు. నేనొస్తానన్నాను. అమ్మ మొహం విప్పారింది. ఆ సంతోషాన్ని చూసి కూడా నేను నిజం చెప్పలేదు. అంతకు ముందు ఏదో మాటలో, అక్కడి గడ్డి చీర కుచ్చిళ్లకి గుచ్చుకుని వదలదని అమ్మ అంది. అది సూదిగడ్డే అయ్యుండాలని నాకప్పుడే తట్టింది. నేను బయల్దేరింది దాని కోసం. సంచిలో చిన్న గునపం, పాత వార్తాపత్రికలు సర్దుకున్నాను.

సమాధుల తోట గేటు పక్క గదిలో కాపలా మనిషి కుటుంబం కాపురముండేది. అతని భార్యకి ఒక బర్రె ఉంది. దాన్ని లోపలే మేపుకునేది. మమ్మల్ని చూసి ఎదురొచ్చింది.

"ఏందమ్మా టీచరమ్మా, సారు రాలే? ఈ పిల్ల ఎవరు, మీ బిడ్డనా? మీ లెక్కనే ఉంది. కోపం ఒక్కటే సారుది లెక్కుంది."

నాన్నకి కోపం లేదని అమ్మ నవ్వుతూ చెప్పింది. ఆమె నా చేతిలోంచి బకెట్టు లాక్కుని ముందు నడుస్తూ బర్రె గురించి, పాల గురించి, మొగుడి బీడీల గురించి చెబుతూనే ఉంది. ముందు వరసల్లో పెద్దవాళ్ల సమాధులు. వాటి చుట్టూ నీళ్లు పడి గరిక మెత్తగా పాకింది. పిల్లల సమాధులు మాత్రం వెనక మూలకి, పెద్ద రాతి బండ అంచున ఉన్నాయి. అక్కడ లోతుగా తవ్వడానికి వీలుండదు. పిల్లలకి అంత లోతు అక్కర్లేదనుకున్నారేమో. మా తమ్ముడిది ఆఖరుది. చిన్న సిమెంటు గట్టు, తల దగ్గర జానెడు సిలువ. గట్టు చుట్టూ మోకాలెత్తున, ఇటుక రంగులో సూదిగడ్డి. పక్క సమాధులకి కూడా అక్కడొకటి అక్కడొకటి ఉంది గానీ, ఇంత చిక్కగా లేదు.

ఆమె బకెట్టు దించి, "మీ పిలగాని కాడనే జెర మొండిగుంటది టీచరమ్మా. ఎంత కోసినా గంతే. మా బర్రె సుత మూతి పెట్టదు దీనికి" అంది. మామూలుగానే అంది. పాలకి వేళయిందని వెళ్లిపోయింది. అమ్మ మాత్రం ఆ మాట పడిన చోటే నిలబడిపోయింది. నేను అప్పటికే గడ్డి ముందు గొంతుక్కూర్చుని కంకులు లెక్కచూసుకుంటున్నాను.

అమ్మ పని మొదలుపెట్టింది. ఆ పనిలో ఒక క్రమముంది. ముందు కొడవలితో మొదలంటా కోసింది. కోసిన గడ్డి దూరంగా కుప్పేసింది. సంచిలోంచి ఒక సీసా తీసి, మిగిలిన మోళ్ల మీద కిరసనాయిలు చుట్టూ పోసి అగ్గిపుల్ల గీసింది. మంట ఆరాక కళ్లుప్పు గుప్పిళ్లతో చల్లింది. బావి నుంచి నీళ్లు తెచ్చి గట్టు మీద మసి కడిగింది. పండుగకి ముందు సమాధి శుభ్రం చేయడం ఎవరైనా చేస్తారు. ఇది శుభ్రం చేయడంలా లేదు. పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ, ఎవరితోనో తగాదా పడుతున్నట్టుంది. ఏటా ఇలాగే చేస్తావా అని అడిగాను. తలూపింది. ఒక ఏడు వేడినీళ్లు కూడా కాచి పోసిందట, కాపలా మనిషి గదిలో పొయ్యి అడుక్కుని.

అలిసిపోయి గట్టు కొసన కూర్చుని, కుచ్చిళ్లకి దిగిన సూదులు ఒక్కొక్కటే పీకుతూ అక్కడే రాల్చింది. అవి తడి సిమెంటు మీద పడ్డాయి. కాసేపటికి వాటిలో ఒకటి కదిలింది. తోక మెల్లగా తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఆ చిన్న సిలువ ముందు గోధుమరంగు సూదులన్నీ పురుగుల్లా మెలిదిరగడం మొదలుపెట్టాయి.

అమ్మ కాళ్లు పైకి లాక్కుంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఇంతకన్నా మంచి అవకాశం ఏ సభలో దొరుకుతుంది? ఒక సూది తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాను. ఎండలో ఆరగానే తిరగడం ఆగింది. వేలు తడిపి ఒక చుక్క వేశాను, మళ్లీ తిరిగింది. ఇది ప్రాణం కాదు, తడి అన్నాను. తోకలోని మెలిక తడికి విచ్చుకుంటుంది, ఎండకి బిగుసుకుంటుంది. అలా తిరిగి తిరిగి, మొనని మట్టిలోకి దింపుతుంది. తనంతట తాను విత్తుకునే ఏర్పాటు. గింజ అలా లోపలికి దిగి దాక్కుంటుంది గనక పైన మంట పెట్టినా దానికేం కాదు. దుబ్బు మొదలు కూడా నేలమట్టానికి ఉంటుంది, పీచువేళ్లు రాతి నెరియల్లోకి పోతాయి. పైన ఎంత కోసినా, కాల్చినా, వాన పడగానే ఆ మొదలు మళ్లీ చిగురేస్తుంది. ఏటా కొత్తగా మొలిచే జాతి కాదు, ఏళ్లకేళ్లు బతికే జాతి. పైగా మంటంటే దీనికి చుట్టమే. పక్కన పోటీకొచ్చే గడ్డీ గాదం కాలిపోతే ఇది ఒక్కటే దర్జాగా పెరుగుతుంది.

నా గొంతు పెరుగుతోందని నాకే తెలుస్తోంది. ఆపలేకపోయాను. బర్రె మూతి పెట్టకపోవడానికి కారణం కూడా చెప్పాను. గింజ పట్టాక ఈ సూదులు నోట్లో గుచ్చుకుంటాయి. ఏ పశువూ తినదు, ఇక్కడే కాదు, బొల్లారంలో అయినా తినదు. ఆఖరుగా మాటల గునపం దించాను.

"కాల్చి పక్క గడ్డిని చంపుతున్నావు. కుచ్చిళ్లతో విత్తనం తెచ్చి ఇక్కడే రాలుస్తున్నావు. మీద నీళ్లు పోస్తున్నావు. ఏటా దీన్ని నాటుతున్నది నువ్వేనమ్మా."

మేడ మీదైతే చప్పట్లు పడే చోటు. అమ్మ నా అరచేతిలోని సూదినే చూస్తోంది. తర్వాత చాలా మెల్లగా, బడిలో పిల్ల సందేహం అడిగినట్టు అడిగింది.

"అయితే వాడు కాదా?"

ఎవరు అన్నాను. అన్నాక తెలిసింది.

"వాడింకా ఒప్పుకోవట్లేదనుకున్నానే. ఎన్ని చేసినా పోదు. నీళ్లు పోస్తే కదులుద్ది. మీ నాన్న ఎప్పుడూ మళ్లీ నీళ్లు తేవడానికి బావి దగ్గరికి పోయినప్పుడే కదిలేది. ఎవరికి చెప్పుకోను?"

అప్పుడు చెప్పింది. తమ్ముడికి వచ్చింది ఉత్త జ్వరం కాదు. గొంతులో తెల్లటి పొర కట్టింది. మింగలేకపోయాడు. తర్వాత డాక్టరు దాన్ని డిఫ్తీరియా, అదే కంఠసర్పి, అన్నాడు. మొదట్లోనే నాన్న పెద్దాసుపత్రికి తీసుకుపోదామన్నాడు. అప్పుడు ఊళ్లో స్వస్థత కూటాలు జరుగుతున్నాయి. ఎవరో పెద్దాయన చెయ్యి ఉంచి ప్రార్థిస్తే మూగవాళ్లకి మాటలొచ్చాయని చెప్పుకుంటున్నారు. అమ్మ నాన్నతో పోట్లాడింది. ఆస్పత్రికి పోతే విశ్వాసం లేనట్టేనంది. పిల్లాణ్ణి భుజానేసుకుని కూటం మైదానానికి పోయింది. జనంలో వాడి వంతు రావడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ పెద్దాయన నిజంగానే వాడి గొంతు మీద చెయ్యి పెట్టాడు. పిల్లాడు తేరుకున్నాడని అమ్మ సాక్ష్యం కూడా చెప్పింది, మైకు ముందు నిలబడి. ఇంటికొచ్చాక ఊపిరి అందలేదు. అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తారు.

ఇదంతా ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేది. చెప్పి, కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మొన్న సాపు రాశాను కదా, వచ్చే ఆదివారం చదివేది. అందులో నువ్వు రాసిన తల్లిని నేనే."

ఆ వ్యాసం స్వస్థత కూటాల మీదే. అందులో ఒక వాక్యం మీద నాకు చాలా ప్రేమ. బిడ్డని రోగం చంపదు, ఆస్పత్రి దారి విడిచి కూటం దారి పట్టిన తల్లి చంపుతుందని రాశాను. అమ్మ ఆ వాక్యాన్ని కూడా తన గుండ్రటి అక్షరాలతో తప్పు లేకుండా రాసింది. వంటింట్లో పీట మీద కూర్చుని రాసింది. నేను ఎదురుగా టీ తాగుతూ, త్వరగా కానివ్వమని తొందరపెట్టాను.

ఏం చెప్పాలి? నీ తప్పేం లేదమ్మా అనొచ్చు. ఎవరైనా అదే అంటారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తప్పు ఉంది. ఆ రోజుల్లోనే ఆ రోగానికి మందుంది, టీకా ఉంది. ఎవరో మోసం చేసి తీసుకుపోతే ఆ ఎవర్నో తిట్టేదాన్ని. నాన్న వద్దంటున్నా తనే తీసుకుపోయింది. మనుషుల్ని ఊరడించడానికి అబద్ధాలు చెప్పకూడదని ఎన్ని ఆదివారాలు అరిచాను! ఇప్పుడు నా కన్నతల్లి దగ్గర ఆ అబద్ధం చెప్పనా? చెప్పకపోతే నేను కన్నకూతురినేనా?

అమ్మే అడిగింది.

"ముందే తీసుకుపోతే బతికేవాడా?"

"తప్పకుండా అని చెప్పలేనమ్మా. బతికే అవకాశం మాత్రం ఉండేది."

"అయితే నాదే తప్పు."

ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. కాలిన మోళ్ల వైపు చూస్తూ అన్నాను.

"తప్పే చేశావమ్మా. తెలియక చేశావు, వాడి మీద ప్రేమతో చేశావు. అయినా తప్పే. కానీ ఆ మాట ఈ గడ్డి అనట్లేదు. వాడూ అనట్లేదు. అనడానికి వాడు లేడు."

అన్న మరుక్షణం నాలుక కోసుకోవాలనిపించింది. అమ్మ కూలిపోతుందనుకున్నాను. ఆమె గట్టు మీద రెండు చేతులూ ఆనించి, బరువు దించుకున్న మనిషిలా ఒక పెద్ద ఊపిరి తీసింది. మంచినీళ్లు అడిగి తాగింది. అప్పుడంది.

"ఇన్నేళ్లకి ఒక్కళ్లు ఒప్పుకున్నారే."

నాకు అర్థం కాలేదు. మెల్లగా విప్పి చెప్పింది. పిల్లాడు పోయిన నాటి నుంచి ప్రతివాళ్లూ ఒకటే మాట. పాస్టరుగారు దేవుడి చిత్తమన్నాడు. బడిలో తోటి టీచర్లు వాడి ఆయుష్షు అంతేనన్నారు. నాన్న, నీ తప్పేముందని వీపు నిమిరాడు. తన వల్లే జరిగిందని ఆమె ఎప్పుడు నోరు తెరిచినా, ఛ ఊరుకో అని మూసేశారు. చెబితే వినేవాళ్లే లేకపోయారు. తప్పు చేశావని ఒప్పుకున్నది ఒక్క ఈ గడ్డే. అందుకే దాని దగ్గరికి ఏటా వచ్చేది. అందుకే దాన్ని కాల్చేది.

నేను గడ్డికి జవాబు చెప్పాననుకున్నాను. ఆమెకి కావలసిన జవాబు గడ్డి గురించి కానే కాదు.

ఆ తర్వాత సున్నం కొడుతూ అమ్మ వాడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెరుగన్నం కన్నా మజ్జిగన్నమే కావాలని మారాం చేసేవాడట. రైలు కూత వినబడితే, నాన్న కూసాడు అనేవాడట. ఇంట్లో అక్షరాలు దిద్దుకునే నా పలక ఎత్తుకుపోయి మంచం కింద దాచేవాడట. నేను వాణ్ణి కొట్టేదాన్నట. ఇవేవీ నాకు గుర్తు లేవు. నాకొక తమ్ముడున్నాడని ఆ మధ్యాహ్నమే తెలిసినట్టయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను మొక్కని సేకరించనేలేదని ఇంటికొచ్చాక గానీ గుర్తురాలేదు. వేళ్లతో సహా తవ్వి తేవాలనుకున్నదాన్ని, అక్కడ గునపం బయటికే తీయలేదు.

నాన్న ఆఫీసు నుంచి రాగానే నిలదీశాను. ఆస్పత్రికి పోదామన్నది నువ్వే కదా, ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎందుకెత్తలేదు అన్నాను. నాన్న చొక్కా గుండీలు విప్పుతూ ఆగిపోయాడు. ఎత్తితే మీ అమ్మ తట్టుకోలేదనుకున్నానన్నాడు. తర్వాత మంచం మీద కూర్చుని, ఆవిణ్ణి ఆ రోజు గట్టిగా ఆపలేకపోయానని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే చావుకి వేరువేరుగా శిక్ష అనుభవిస్తున్నారు. ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ నోరు మూసుకున్నారు. వాళ్ల మధ్య నేను, ఊరందరికీ నోరిచ్చే వక్తని.

ఆదివారం వ్యాసం చదివాను. ఆ వాక్యం తీసేశాను. మైకు ముందు తల్లుల చేత సాక్ష్యం చెప్పించుకుని, మర్నాడు ఇంకో ఊరికి డేరా మార్చుకునే పెద్దమనుషుల్ని మాత్రం వదల్లేదు. ఇంకా ఎక్కువే దులిపాను. చదవడమయ్యాక సభలో పెద్ద ఒకాయన, ఈసారి నీ వ్యాసంలో పదును తగ్గిందమ్మా, తల్లులకి కూడా బాధ్యత ఉంటుంది కదా అన్నాడు. ఉంటుందన్నాను. అంతకు మించి వాదించలేదు. ఆ మేడ మీద నేను వాదన మధ్యలో ఆపేసింది అదే మొదలు.

అమ్మ బాధ పోయిందని చెప్పను. పోలేదు. పోతుందని ఆశపడటం కూడా ఒక మూఢనమ్మకమే. కానీ ఆ పైన ఏళ్లలో సమాధి దగ్గర కిరసనాయిలు పోయలేదు. కూటాలకి పోయే పొరుగింటి కోడళ్లని కూర్చోబెట్టుకుని, తన సంగతి తనే చెప్పేది. ముందు డాక్టరుకి చూపించండి, ప్రార్థన పక్కన కూర్చుని చేసుకోవచ్చు అనేది. మధ్యలో ఆపకుండా చివరిదాకా చెప్పేది. నేను రాసిన వ్యాసాలన్నీ కలిసి ఎందరు పిల్లల్ని ఆస్పత్రికి పంపాయో నాకు తెలియదు. అమ్మ పంపిన వాళ్లని నేను చూశాను.

ఇప్పటికీ నన్ను వదలనిది ఒకటుంది. ఆ రోజు తప్పే అన్న మాట సరైనదే కావచ్చు. కానీ ఆమె దాన్ని వినడానికి అన్నేళ్లు ఆగవలసిన అవసరం లేదు. నేను ఒక్క ఏడు ముందు అడిగినా చాలు. ఏమైందమ్మా తమ్ముడికి అని. అంత చిన్న ప్రశ్న. ఊళ్లో ప్రతివాణ్ణీ ప్రశ్నించమని నేర్పుతూ, ఇంట్లో ఒక్కటీ అడగలేదు.

మీ ఇంట్లోనూ ఒకరుంటారు. చనిపోయిన బిడ్డ గురించో, ఆలస్యంగా పిలిచిన డాక్టరు గురించో నోరు తెరవబోతే మీరు ఛ ఊరుకో అనేసిన మనిషి. మీరది దయ అనుకున్నారు. కాదు. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేచి ఆ గదిలోకి వెళ్లండి. విధి అనకండి, దేవుడనకండి, నీ తప్పేం లేదని తొందరపడి తలుపు వేసేయకండి. ఏం జరిగిందో అడగండి. మధ్యలో అడ్డుపడకుండా, ఎంత కష్టమైనా, చివరిదాకా వినండి.